ముందు ఒక వానాకాలం చూడండి

పాత ఇల్లు కొన్నవాళ్ళకి తాళాలు చేతికొచ్చిన రోజు నుంచే సలహాలు మొదలవుతాయి. ‘ఆ మధ్య గోడ కొట్టేయండి, హాలు విశాలంగా వస్తుంది’ అంటారొకరు. ‘ఈ బండల మీదే టైల్స్ వేసేస్తే సరి’ అంటారు ఇంకొకరు. ‘ఆ మూలన నుయ్యేమిటండీ, ముందది పూడ్పించండి’ అని మూడో ఆయన. బ్యాంకు వాయిదా అప్పటికే మొదలై ఉంటుంది. ఉంటున్న చోట అద్దె ఆగదు. ముహూర్తం తరుముకొస్తుంటుంది. ఇంకేముంది, నెల తిరక్కుండా సుత్తి దెబ్బ పడుతుంది. సంక్రాంతికల్లా ఇల్లు తళతళలాడుతుంది. శ్రావణం వచ్చేసరికి కొత్త రంగు కింద బొబ్బలు లేస్తాయి.

రాజమండ్రి, కాకినాడ, బందరు పాత వీధుల్లో, సికింద్రాబాద్ మారేడుపల్లి, పద్మారావునగర్ లాంటి చోట్ల ఇలాంటి ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. కట్టించిన వాళ్ళు కాలం చేస్తారు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడతారు, ఇల్లు అమ్మకానికొస్తుంది. చాలావరకు అపార్టుమెంటు కట్టేవాళ్ళే కొంటారు. అయినా కాళ్ళకింద నేల, పెరట్లో చెట్టు, నాలుగు పక్కలా గాలి కావాలనుకునే కుటుంబాలు కొన్ని ముందుకొస్తున్నాయి. పాత ఇంటిని కూల్చకుండా అందులో కాపురం పెట్టాలనుకున్న ఎవరైనా నాకు ఆప్తులే. వాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ప్రాణానికి సంబంధించిన పనులు వెంటనే చేయించండి. మిగతావన్నీ ఒక వానాకాలం చూశాకే. పాత ఇంటి సమస్యల్లో ఎక్కువ భాగం నీళ్ళవల్లే వస్తాయి. ఆ నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో ఎండాకాలంలో ఎంత గొప్ప ఇంజినీరు వచ్చినా పూర్తిగా చెప్పలేడు.

గోడ దేనితో కట్టారు?

ఇది తెలియకుండా తాపీ పట్టించకూడదు. మన దేశంలో పెద్ద ఎత్తున సిమెంటు తయారీ 1914లో పోరుబందరులో మొదలైంది. అది ఊళ్ళదాకా వచ్చి, సున్నాన్ని పక్కకు నెట్టడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. స్వాతంత్ర్యానికి ముందు కట్టిన ఇల్లయితే గోడల్లో ఉన్నది గానుగ సున్నం అయ్యే అవకాశమే ఎక్కువ. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక పోసి, ఎద్దు చేత రాతి చక్రం తిప్పించి మెత్తగా నూరేవారు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. మిద్దె అయితే టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల సున్నం కాంక్రీటు వేసి, కూలీలు వరసగా కూర్చుని చెక్క బాదులతో రోజుల తరబడి కొట్టేవారు. మద్రాస్ టెర్రస్ అనేది దాన్నే.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన సున్నాన్ని నీళ్ళతో చల్లార్చి గోడలో పెడితే, అది మళ్ళీ గాలిలోంచి అదే వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిగా మారుతుంది. ఈ పని ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇంటి పునాది కాస్త సర్దుకున్నప్పుడు సున్నపు గోడ కొంత ఓర్చుకుంటుంది. సన్నటి పగుళ్ళలోకి నీరు దిగితే, కరిగిన సున్నం అక్కడే పేరుకుని వాటిని కొంతవరకు పూడుస్తుంది కూడా. అన్నిటికన్నా ముఖ్యం, సున్నం ఆవిరిని ఆపదు. పాత ఇళ్ళ పునాదుల్లో నేల తేమను అడ్డుకునే పొర ఉండదు. తేమ గోడలోకి ఎక్కుతుంది, ఎండ కాయగానే సున్నపు పూతలోంచి బయటికి పోతుంది. కట్టినవాళ్ళు ఆ రాకపోకల్ని లెక్కలో పెట్టుకునే కట్టారు.

ఆ గోడ మీద మనం సిమెంటు పూత వేయిస్తాం. దానిమీద పుట్టీ, ఆపైన నీరు అంటని ఖరీదైన రంగు. తేమ రావడం మానదు, పోయే దారి మాత్రం మూసుకుపోతుంది. అందుకని ఇంకా పైకి ఎక్కుతుంది. మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకు వస్తుంది. తేమతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఇటుకను పిండి చేస్తుంది. పెచ్చులూడితే ‘పాత గోడ కదండీ, అంతే’ అని మేస్త్రీ మళ్ళీ సిమెంటే వేస్తాడు. నేను చూసిన పాత ఇళ్ళలో వయసు వల్ల పాడైన గోడలకన్నా ఇలాంటి మరమ్మతుల వల్ల పాడైనవే ఎక్కువ. చార్మినార్ 1591 నాటిది. 2019లో దాని ఒక మినారు నుంచి పూత పెళ్ళ రాలిపడినప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. అలాంటి కట్టడాల మరమ్మతుకు పురావస్తు శాఖ వాడేది సున్నమే. ఇంటి గోడకూ అదే నియమం. సిమెంటు పూత ఇప్పటికే ఉంటే, చెమ్మ ఉన్నంత మేర గీకించి, ఒక ఎండాకాలమంతా గోడను ఆరనిచ్చి, సున్నపు పూత వేయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువగా ఉన్నారు, పాత గుళ్ళ మరమ్మతులు జరిగేచోట వాకబు చేస్తే దొరుకుతారు. కూలి ఎక్కువే అడుగుతారు. ఇవ్వండి.

స్లాబు ఇళ్ళ సంగతి వేరు

1970లు, 80ల్లో కట్టిన డాబాలు ఇప్పుడు ఎక్కువగా చేతులు మారుతున్నాయి. వీటిలో గోడకన్నా కప్పు మీద కన్నుండాలి. కొత్త కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి ఇంకి ఆ గుణాన్ని పోగొడుతుంది. సున్నానికి బలమిచ్చే వాయువే ఇక్కడ చేటు చేస్తుందన్నమాట. ఆపైన పగులులోంచి నీళ్ళు దిగాయంటే చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, కింది కాంక్రీటును తన్నేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి దీనికి తోడు. పడకగదిలో మంచం మీద పెచ్చు పడ్డాక మేలుకుంటే ఆలస్యమే. చిన్న సుత్తితో స్లాబు అడుగున తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట గుర్తు పెట్టండి. అక్కడ పైపైన పూత పూయించడం వల్ల ఉపయోగం లేదు. వదులైందంతా రాలగొట్టి, చువ్వ తుప్పు గీకి, తుప్పునాపే పూత వేసి, తగిన మిశ్రమంతో పూడ్చాలి. చువ్వ సగం తినేసి ఉంటే స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిందే. పైన ఇంకో అంతస్తు వేద్దామనే ఆలోచన ఉంటే పునాది తవ్వి చూపించకుండా ఎవరి మాటా నమ్మకండి.

వానలో గొడుగు వేసుకుని

మొదటి పెద్ద వాన పడగానే ఇంట్లో కూర్చోకండి. గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. మేడ మీద నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ గొట్టం లోంచి పోతున్నాయి, ఏ గొట్టం మూసుకుపోయింది? మండువా లోగిలి అయితే నాలుగు వాలుల నీళ్ళూ నడిమధ్యనే పడతాయి. అక్కణ్ణుంచి బయటికి పోయే తూము ఎక్కడుందో, దాని అడుగున ఏం పేరుకుందో చూసుకోవాలి. రెండు వాలులు కలిసే చోట ఉన్న రేకు చిల్లు పడితే కింద వాసం నానుతుంది. నానిన వాసానికి చెద పడుతుంది. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో. ఆ తరహా పెంకులు ఒకదానిలో ఒకటి ఇమిడి నీటిని ఆపుతాయి. ఒక్కటి పగిలినా ఆ వరస కిందంతా కారుతుంది. కోతులు తిరిగే ఊరైతే ఏటా వానలకు ముందు పెంకులు సర్దించక తప్పదు. పాత ఇళ్ళు కూల్చేచోట అదే కొలత పెంకులు కొని ఒక వంద పెరట్లో పేర్చి ఉంచుకోండి.

అప్పుడే వీధి వైపు కూడా చూడండి. మన పట్టణాల్లో పాత పొర తీయకుండా దానిమీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడం వల్ల ఎన్నో ఇళ్ళ గడపలు రోడ్డుకన్నా కిందికి వెళ్ళిపోయాయి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానం. గట్టి వాన పడితే వీధి నీళ్ళు నేరుగా వసారాలోకే. ఇంటి లోపల నేల ఎత్తు చేయించడం చాలామంది చేసే పని. దానివల్ల ద్వారబంధాలు పొట్టివైపోతాయి, గోడ అడుగు శాశ్వతంగా తడిలో ఉండిపోతుంది. గేటు దగ్గరే అడ్డంగా జాలీ కాలువ తవ్వించి నీటిని పక్కకు మళ్ళించడం, ఇంటి చుట్టూ సిమెంటు చేయించిన చోట గోడ వెంబడి మట్టిని మళ్ళీ బయటపెట్టడం మేలు. మట్టి ఉంటే గోడ అడుగు ఆరుతుంది. నుయ్యి ఉంటే పూడ్చకండి. పూడిక తీయించి, పైన బలమైన జాలీ బిగించి, మేడ మీది వాననీళ్ళను వడపోసి అందులోకి వదలండి. ఇప్పుడు తవ్విద్దామన్నా అలాంటి నుయ్యి రాదు.

ఆగకూడని పనులు

వానాకాలం దాకా ఆగమన్నది ఇల్లు అందంగా చేసుకునే పనుల గురించే. కరెంటు పని ఒక్కరోజు కూడా ఆగకూడదు. పింగాణీ ఫ్యూజులు, చెక్కపట్టీల మీద సాగిన వైర్లు రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాల కోసం వేసినవి. వాటికి ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి తగిలిస్తే గోడలోనే కాలిపోతాయి. ఎర్తింగ్ ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి చేత్తో తీగ తగిలినా ప్రాణం నిలిపేది ఆ పరికరమే.

పిల్లలున్న ఇల్లయితే ఇది తప్పక తెలియాలి. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు తలుపులకు, కిటికీ ఊచలకు పొరలు పొరలుగా వేసిన ఆయిల్ పెయింట్లలో సీసం ఉండి ఉండొచ్చు. గరుకు కాగితంతో పొడిగా రుద్దిస్తే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, పాకే పిల్లల నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు చేసే చెరుపు తిరిగి బాగుకాదు. తడిపి గీకించండి. ఆ పని జరిగే రోజుల్లో పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని వేరేచోట ఉంచండి. పెరటి పాకమీది పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. వాటిని కోయడం, చిల్లులు పెట్టడం ఊపిరితిత్తులకు ముప్పు. తడిపి, పగలకుండా దింపించాలి.

పాత మరుగుదొడ్డి తొట్టి ఎక్కడుందో తెలుసుకోవడం కూడా మొదటి వారంలో పనే. దాన్ని యంత్రం ఉన్న ట్యాంకరుతోనే తోడించండి. మనిషిని మాత్రం లోపలికి దింపనీయకండి. అలా ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. తొట్టిలోని విషవాయువు క్షణాల్లో మనిషిని పడగొడుతుంది. ‘మాకలవాటే బాబూ’ అన్నా ఒప్పుకోకండి.

కాగితాల సంగతి కొన్నప్పుడే చూసుకుని ఉంటారు కనుక రెండు ముక్కలు చాలు. ఇంటిపన్ను, నల్లా, కరెంటు మీటరు మీ పేరుకు మారాయో లేదో చూసుకోండి. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాల్సింది కొన్నవాళ్ళే. అమ్మినవాళ్ళు విదేశాల్లో స్థిరపడ్డ ఎన్నారైలయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు. మినహాయింపు చాలా ఎక్కువ ఉంటుంది. సొమ్ము చేతులు మారకముందే ఆడిటర్‌ను కలవాలి.

మాస్టారిల్లు

కొత్తగా దిగినవాళ్ళకి మొదట్లో కొంచెం కష్టంగా తోచేది ఇంకొకటుంది. ఇల్లు మీ పేరున ఉన్నా వీధికి అది ‘మాస్టారిల్లే’. పాలవాడికీ, ఆటోవాడికీ మీరు ఆ పేరే చెప్పాలి. పదేళ్ళకి కూడా అది పోకపోవచ్చు. పోనక్కర్లేదు. ఆ పేరు ఉన్నంతకాలం ఆ ఇంటి చరిత్ర తెలిసినవాళ్ళు వీధిలో ఉన్నారన్నమాట. ఎదురింటి పెద్దావిడ ‘అమ్మాయ్, ఆ ఈశాన్యం గది కప్పు తుపానప్పుడు కారింది, మాస్టారు పైన తారు పోయించారు, మళ్ళీ చూపించుకో’ అని చెప్పే ఒక్క మాట, ఖరీదైన పరీక్షలు చెప్పలేనిది. ఆవిణ్ణి ‘పిన్నిగారూ’ అని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి అడగండి.

అమ్మినవాళ్ళను కూడా రిజిస్ట్రారు ఆఫీసులోనే సాగనంపేయకండి. ఇల్లమ్ముకోవడం వాళ్ళకి సులువైన విషయం కాదు. మళ్ళీ ఒకసారి ఆ గడప తొక్కాలని వాళ్ళకీ ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. గృహప్రవేశానికి పిలవండి. భోజనాలయ్యాక ఆ ఇంట్లో పెరిగిన పెద్దాయన్ని పట్టుకుని ఇల్లంతా కలియతిరగండి. సంపు మూత ఎక్కడ, నీటిగొట్టం ఏ గోడలోంచి వెళ్తుంది, తొట్టి తోడించి ఎన్నాళ్ళయింది, మామిడిచెట్టు వేరు కాలువలోకి వచ్చిందా, ఏ గది తర్వాత కలిపి కట్టారు, చెదమందు ఎప్పుడు కొట్టించారు... ఒక్కొక్కటీ అడగండి. చేతిలో కాగితం, పెన్సిలు ఉంచుకుని ఆయన చూపించిన చోటల్లా ఇంటి పటం మీద గుర్తు పెట్టుకోండి. ఆ కాగితానికి జిరాక్సు తీయించి ఒకటి దస్తావేజులతోపాటు దాచండి, ఒకటి కరెంటు మీటరు పెట్టె తలుపు లోపలివైపు అతికించండి. రేపు పనికి వచ్చే ప్లంబరుకీ, ఎలక్ట్రీషియన్‌కీ ముందు దాన్నే చూపించాలి.