కాలేజీ చదువు ప్రజాసేవకు దారి చూపేది ఎలా?

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి స్వదేశీ ఉద్యమం గురించి ఉపన్యాసాలిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని జనానికి తెలుగులో వినిపించారు. ఆ వేడిలో ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. తీసేయమని ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ హుకుం జారీ చేసినా వాళ్లు వినలేదు. విద్యార్థి నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి బహిష్కరించారు. ఇక సర్కారు కొలువు దొరకదని కూడా తేల్చేశారు.

గాడిచర్ల అప్పటికే ఎం.ఏ. పూర్తి చేసి, టీచరు శిక్షణ కోసం కర్నూలు ప్రాంతం నుంచి గోదావరి ఒడ్డుకు వచ్చిన యువకుడు. ఆ రోజుల్లో అంత చదివినవాడికి సర్కారు కొలువంటే జీవితం స్థిరపడినట్టే. అది చేజారినా ఆయన వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది విజయవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, ఒక వ్యాసానికి జైలుకెళ్లారు. తర్వాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితాన్ని ధారపోశారు. టీచరు కావాలని వచ్చిన మనిషి చివరికి టీచరే అయ్యారు. బడికి పోలేని పెద్దలే ఆయన విద్యార్థులు.

ఆశయం, ఉద్యోగం ఒకటి కావని ఈ ఉదంతం చెబుతోంది. మన ఇళ్లలో ప్రజాసేవ అనగానే గ్రూప్స్, సివిల్స్ గుర్తొస్తాయి. సివిల్స్ రాయడానికి ఏదో ఒక డిగ్రీ, 21 ఏళ్ల వయసు ఉంటే చాలు. మెయిన్స్ తెలుగులోనే రాయవచ్చు కూడా. సిలబస్ పుస్తకాల్లో దొరుకుతుంది, మెలకువలు కోచింగ్ సెంటర్ నేర్పుతుంది. ఆ కుర్చీలో కూర్చుని ఎవరి కోసం పనిచేయాలన్న తెలివిడి మాత్రం చాలామందికి కాలేజీ వయసులోనే కలుగుతుంది.

అది కలగడానికి మొదటి కారణం గురువుల నడవడి. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి 1904 నుంచి 1919 దాకా రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్. అబ్బాయిల కాలేజీలో ఆయన అమ్మాయిలకూ చోటిచ్చారు. దళిత, పేద విద్యార్థులకు అండగా నిలిచి, వాళ్ల చదువుకు తన జీతం ఖర్చుపెట్టారు. కుల వివక్ష తప్పని క్లాసులో వినడం ఒక ఎత్తు. దాన్ని పాటించని ప్రిన్సిపాల్ని రోజూ కళ్లారా చూడటం మరో ఎత్తు. పరీక్ష అయిపోయాక పాఠం మరిచిపోతామేమో గానీ అలాంటి మనిషిని మరిచిపోలేం.

రెండోది, ఊరి పొలిమేర దాటడం. జి.ఎం.సి. బాలయోగి కోనసీమలోని ఎదుర్లంకలో పుట్టారు. ఊళ్లో బడి లేక పక్క ఊళ్లో చదువు మొదలుపెట్టారు. అక్కడి నుంచి కాకినాడకు, ఆపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లి పీజీ, లా పూర్తి చేశారు. 1985లో మెజిస్ట్రేటుగా ఎంపికైనా ఆ కొలువు వదులుకుని మళ్లీ న్యాయవాద వృత్తికే వచ్చారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కే పిల్లలకు కొత్త మనుషులు, కొత్త అవకాశాలు కనిపిస్తాయి. నిన్నటి వరకు ఊహకు అందని పదవి కూడా మనలాంటి వాళ్లకు సాధ్యమేననిపిస్తుంది.

మూడోది, చేతికి అందే పని. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్‌)లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఏడు రోజుల గ్రామ శిబిరం కూడా ఉంటుంది. దాన్ని సర్టిఫికెట్ కోసం మొక్కుబడిగా ముగించవచ్చు, మనసు పెట్టీ చేయవచ్చు. గోదావరి డెల్టాలో కౌలు రైతు ఇంటికి వెళ్లి, పంట మునిగితే పరిహారం ఎవరికి వచ్చిందని అడిగి చూడండి. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం (2019) ప్రకారం సాగుదారు హక్కు కార్డు కావాలంటే కౌలు ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలి. ఆ సంతకం దొరక్క కార్డు రాని రైతు, చేలో నష్టం తనదైనా పరిహారం జాబితాలో తన పేరు చూసుకోలేడు. ఇది ఆ ఇంటి అరుగు మీద కూర్చుని విన్న విద్యార్థి రేపు తహసీల్దారు అయితే, ఫైలు వెనకున్న మనిషి గుర్తుంటాడు. ఆఫీసరు కాకపోతే విలేకరిగానో, లాయరుగానో, సర్పంచిగానో అదే సమస్యను పట్టుకుంటాడు.

2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక గోదావరి జిల్లాల పిల్లలకు యూనివర్సిటీ దగ్గరైంది. ఆ చదువును హాజరు, మార్కులు, కోచింగ్‌తో సరిపెడితే నష్టం మనదే. లెక్చరర్లు ఏడాదికొక వారమైనా పిల్లల్ని లంక గ్రామాలకు, కౌలు రైతుల దగ్గరికి తీసుకెళ్లాలి. తల్లిదండ్రులు ఆ వారాన్ని చదువు పాడయ్యే రోజులుగా లెక్కగట్టకూడదు. పరీక్షలో ర్యాంకు కొందరికే వస్తుంది. ఎవరికి అన్యాయం జరుగుతోందో చూడగల కన్ను ప్రతి డిగ్రీ విద్యార్థికీ రావాలి, అది వచ్చేలా చూడటం కాలేజీ బాధ్యత.