తెగిన తీగ ఎటువైపు ఉంది? ఎర్త్ ఫాల్ట్ దిశను రిలే ఎలా పసిగడుతుంది

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): 2022 డిసెంబరులో ఖరగ్‌పూర్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫామ్‌పై మరొకరితో మాట్లాడుతూ నిలబడిన ఒక టికెట్ తనిఖీ ఉద్యోగి తలకు పైనుంచి జారిన తీగ తగిలింది. క్షణంలో ఆయన పట్టాలపైకి కూలిపోయారు. కాలిన గాయాలయ్యాయి గానీ ప్రాణాపాయం తప్పింది. పక్షి మోసుకొచ్చి ఉంటుందని భావించిన పొడవాటి తీగముక్క ఒక కొస రైలు మార్గంపై ఉండే విద్యుత్ తీగను తాకగా, రెండో కొస కిందికి వేలాడి ఆయనకు తగిలిందని రైల్వే అధికారులు అప్పట్లో వివరించారు. సీసీటీవీ కెమెరాలో నమోదైన ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది.

ప్రవహించవలసిన దారి విడిచి విద్యుత్తు నేలలోకి దిగిపోవడాన్ని ఇంజినీర్లు ఎర్త్ ఫాల్ట్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ‘భూదోషం’ అని అనువదిస్తే పాఠకుడు వాస్తు సమస్య అనుకునే ప్రమాదం ఉంది. లైన్‌మెన్లు మాత్రం ‘లైన్ ఎర్త్ అయింది’ అంటారు. అంతకంటె స్పష్టమైన మాట వెతకనవసరం లేదు. పైతీగల విద్యుత్ లైన్లలో సంభవించే లోపాలలో అత్యధికం ఈ రకానివే: ఒక తీగ తెగి నేలపై పడుతుంది, ఒక కొమ్మ ఒరిగి తీగను తాకుతుంది, ఒక పింగాణీ ఇన్సులేటర్ పగులుతుంది.

రైళ్లను నడిపే తీగలో ఉన్నది ఒకే ఫేజ్, 25 కిలోవోల్టులు. దాని రెండో కొసను పట్టాలకూ నేలకూ కలిపే ఉంచుతారు. అక్కడ లోపాన్ని గుర్తించే పని ప్రధానంగా దూరాన్ని లెక్కగట్టే రిలేలది. ఊరికి వెలుగునూ వర్క్‌షాపులకు శక్తినీ ఇచ్చే మూడు ఫేజుల లైన్ల కథ వేరు. ‘లోపం ఉందా?’ అన్నది అక్కడ సగం ప్రశ్న మాత్రమే. ‘ఎటువైపు ఉంది?’ అన్నది మిగతా సగం.

ఖరగ్‌పూర్ నేల ఈ ప్రశ్నను మరింత జటిలం చేస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన కార్మికుల వారసులు నేటికీ ఈ పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ముఖ్య కారణం వీరే. వారి పూర్వీకులు విడిచి వచ్చిన తీరం ఇసుక, ఒండ్రు నేలలది. వచ్చి చేరినది ఎర్రని లాటరైట్ రాతినేల. ఎండాకాలంలో ఈ నేల ఎండి బిగుసుకుపోయి విద్యుత్తును సులభంగా లోనికి రానివ్వదు. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే కాలబైశాఖి గాలివానలు విరుచుకుపడి చెట్లను లైన్లపై కూలుస్తాయి. మొదటి చినుకులు పడేలోగా తెగిన తీగ ఎండునేలపై పడిందంటే, అందులో ప్రవహించే కరెంటు అనుకున్నంత పెద్దది కాకపోవచ్చు.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. 33 కిలోవోల్టుల లైన్‌లో ఒక్కొక్క ఫేజుకూ నేలకూ మధ్య సుమారు 19,000 వోల్టులుంటాయి. తీగ పడిన చోట నిరోధం 100 ఓములు అనుకుంటే, మిగతా నిరోధాలను పక్కనపెడితే, నేలలోకి దిగే కరెంటు 190 ఆంపియర్లు. ఆ లైన్ రోజూ మోసే లోడ్ 300, 400 ఆంపియర్లు ఉండవచ్చు. అధిక కరెంటును మాత్రమే చూసే రిలేను లోడ్‌కు పైనే అమర్చాలి. లేకుంటే సాయంత్రం దీపాలు వెలిగించే వేళకే లైన్ తెగిపోతుంది. కాబట్టి ఆ రిలేకు ఈ 190 ఆంపియర్లు కనబడవు.

ఇక్కడ మూడు ఫేజుల వ్యవస్థలోని ఒక గుణం అక్కరకు వస్తుంది. మూడు తీగలలోని కరెంటులను ఏ క్షణంలో కూడినా మొత్తం సున్నా రావాలి. ఒక తీగలో వెళ్లినది మిగతా రెంటిలో తిరిగి వస్తుంది. కొంత నేలలోకి పోతే లెక్క కలవదు. ఆ తేడాను శేష కరెంటు అంటారు. లోడ్ ఎంత ఉన్నా సమతూకంగా ఉన్నంతవరకు శేషం సున్నాకు దగ్గరగానే ఉంటుంది గనుక, దీన్ని చూసే రిలేను 80 ఆంపియర్ల వద్ద కూడా అమర్చవచ్చు. అప్పుడు 190 ఆంపియర్ల లోపం దొరికిపోతుంది. అదే నిరోధం 500 ఓములైతే కరెంటు 38 ఆంపియర్లకు పడిపోతుంది. ఈ రిలే కూడా ఊరుకుంటుంది. తెగిపడిన తీగ వద్దకు, సరఫరా పోయినట్లు అనిపించినా సరే, ఎవరూ వెళ్లకూడదనడానికి కారణం ఇదే. పైగా చాలాచోట్ల బ్రేకర్ ఒకసారి తెరుచుకున్నాక, లోపం తాత్కాలికమేమోనని మళ్లీ కలిపి చూస్తారు.

ఇక దిశ సంగతి. రెండు సబ్‌స్టేషన్లను తీసుకుందాం. మొదటి దాని నుంచి రెండో దానికి పక్కపక్కనే రెండు లైన్లున్నాయి. ఒకటి పోయినా రెండోది ఊరిని నిలబెట్టాలన్నది ఉద్దేశం. మొదటి లైన్‌లో తీగ తెగింది. కాలువకు గండి పడితే పైనుంచే కాదు, కింది నుంచి కూడా నీరు గండివైపే పారుతుంది. ఇక్కడా అంతే. కొంత కరెంటు మొదటి లైన్‌లో నేరుగా లోపం వద్దకు చేరుతుంది. మరికొంత రెండో లైన్ గుండా రెండో సబ్‌స్టేషన్‌కు వెళ్లి, అక్కడ వెనుదిరిగి మొదటి లైన్‌లోకి ప్రవేశిస్తుంది. రెండో సబ్‌స్టేషన్‌లో మరో విద్యుత్ మూలం లేదనుకుంటే, అక్కడి రెండు బ్రేకర్లలోనూ లోపానికి పోయే కరెంటు సమానమే. పరిమాణాన్ని మాత్రమే కొలిచే రిలేలుంటే రెండు బ్రేకర్లూ ఒకేసారి తెరుచుకుంటాయి. రెండు లైన్లు కట్టిన ఫలం దక్కదు, ఊరు చీకటవుతుంది.

గండి వద్ద గట్టుపై నిలబడినవాడు నీరు ఎటు పారుతోందో కంటితో చూడగలడు. సెకనుకు 50 సార్లు ముందుకూ 50 సార్లు వెనక్కూ ఊగే కరెంటుకు దిశ ఏమిటి? దానంతట దానికి దిశ లేదు. పోల్చి చూడడానికి మరో ఆధారం కావాలి. ఆ ఆధారం వోల్టేజి. మామూలుగా మూడు ఫేజుల వోల్టేజిల మొత్తం కూడా సున్నాయే. ఒక ఫేజ్ నేలను తాకి కుంగితే అక్కడా శేషం తేలుతుంది. శేష కరెంటు ఈ శేష వోల్టేజితో ఎంత కోణంలో ఊగుతోందో రిలే చూస్తుంది. లోపం ముందువైపు ఉంటే ఒక కోణం. వెనుకవైపు ఉంటే అది 180 డిగ్రీలు తిరిగిపోతుంది. సాధారణంగా పంపిణీ లైన్లలో 45 డిగ్రీలనూ, పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లలో 60 డిగ్రీలనూ గురిగా పెట్టుకుంటారు. న్యూట్రల్‌ను నేలకు నేరుగా కాక, జర్మన్ ఇంజినీరు పీటర్సన్ పేరిట ఉన్న కాయిల్ ద్వారా కలిపే వ్యవస్థల్లో ఈ గురి వేరు. అక్కడ రిలే పద్ధతే వేరు.

అమెరికన్ ప్రమాణాల ప్రకారం ఈ రిలే సంఖ్య 67ఎన్. మన సబ్‌స్టేషన్ల ప్యానెళ్ల పైనా ఆ సంఖ్యే కనబడుతుంది. 132 కిలోవోల్టులు, అంతకు మించిన లైన్లలో ప్రధాన కాపలా దూర రిలేదే అయినా, ఎండునేలపై, కొమ్మలపై పడే అధిక నిరోధపు లోపాలను అది తరచు గుర్తించలేదు. అప్పుడు వెనుక నిలిచి పట్టుకునేది 67ఎన్.

దీనికీ బలహీనతలున్నాయి. న్యూట్రల్‌ను నేలకు గట్టిగా కలిపిన బలమైన సబ్‌స్టేషన్ దగ్గర శేష వోల్టేజి చాలా తక్కువగా ఏర్పడవచ్చు. అలాంటిచోట ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌లోని కరెంటును ఆధారంగా తీసుకుంటారు. శేష వోల్టేజిని అందించే పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్ మూడు విడి యూనిట్లుగానో, అయిదు కాళ్ల కోర్‌తోనో ఉండాలి. మూడు కాళ్లదైతే ఆ శేషం దానిలో సరిగా పుట్టదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది వైరింగ్‌లో జరిగే చిన్న పొరపాటు. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రెండు శేష తీగలు తారుమారైతే రిలేకు ముందు వెనుక అవుతుంది, వెనుక ముందవుతుంది. తన లైన్ కాలుతుంటే చూస్తూ ఊరుకుంటుంది. పక్క లైన్‌లో లోపం వస్తే ఆరోగ్యంగా ఉన్న తన లైన్‌ను తెంచేస్తుంది. ఈ తప్పు మామూలు రోజుల్లో బయటపడదు. శేషం సున్నాగా ఉన్నంతకాలం మీటర్లన్నీ సరిగానే చూపిస్తాయి. ఏళ్ల తరబడి నిద్రపోయి, తీగ తెగిన రాత్రే అది మేల్కొంటుంది.

అందుకే కొత్త ప్యానెల్‌ను వాడుకలోకి తెచ్చే ముందు సిబ్బంది కావాలనే ఒక అబద్ధపు లోపాన్ని సృష్టిస్తారు. లైన్ లోడ్‌లో ఉండగానే రిలేకు వెళ్లే ఒక ఫేజ్ వోల్టేజిని తొలగిస్తారు. మిగతా రెండు ఫేజుల కరెంటులను రిలేకు చేరకుండా షార్ట్ చేస్తారు. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ తీగను తెరిచి ఉంచితే ప్రాణాంతక వోల్టేజి పుడుతుంది కాబట్టి ఆ పనిని ఎంతో జాగ్రత్తగా చేస్తారు. రిలేకు అది నిజమైన ఎర్త్ ఫాల్ట్‌లాగే కనబడుతుంది. ఆ క్షణాన లోడ్ ఎటు ప్రవహిస్తోందో ముందే తెలుసు గనుక, రిలే ‘ముందు’ అనాలో ‘వెనుక’ అనాలో కూడా తెలుసు. జవాబు తప్పితే ప్యానెల్ వెనుక రెండు తీగలు విప్పి, మార్చి బిగించి, పరీక్షను మళ్లీ మొదటి నుంచి చేస్తారు.