వారోత్సవాలు కాని మూడు వారాలు

నవంబరు వస్తే మా శాఖా గ్రంథాలయానికి ఫొటోలు తీసేవాళ్లు వస్తారు. పద్నాలుగో తారీకు నుంచి ఇరవై దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. గుమ్మానికి మామిడాకులు, గోడకి బ్యానరు, అద్దె మైకు, బడుల నుంచి వరస కట్టి వచ్చే పిల్లలు. ఆ వారం నాకూ ఇష్టమే. అయితే ఊళ్లో లైబ్రరీ ఎందుకుండాలో తెలియాలంటే మిగిలిన మూడు వారాలూ చూడాలి. నరసాపురం వైపు కాలవ గట్టు మీదున్న మా చిన్న లైబ్రరీలో నవంబరు ఎలా గడుస్తుందో లైబ్రేరియన్‌గా నాకు తెలిసినంత చెబుతాను.

పొద్దున్న ఎనిమిదికి తలుపు తీసేసరికే ఇద్దరు ముగ్గురు అరుగు మీద కూర్చుని ఉంటారు. "పేపర్లొచ్చేసాయాండీ?" ఇదే మొదటి మాట. కట్ట విప్పి, ప్రతి పేపరు మీదా ముద్ర కొట్టి బల్ల మీద పెట్టాలి. జిల్లా పేజీలు మాత్రం విడదీసి పెడతాను. ఒక పేపరుని ఒకేసారి నలుగురు చదువుకోవాలంటే అంతకన్నా దారి లేదు. రిటైరైన మేష్టార్లు సంపాదకీయం పేజీ పట్టుకుంటారు. కార్తీక మాసం కాబట్టి కాలవలో స్నానం చేసి అటునుంచి అటే వచ్చేవాళ్లుంటారు. నెల మొదట్లో రైతులు ఎక్కువ. సార్వా చేను పండి కోతకొచ్చే రోజులు, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే రోజులు కూడా అవే. సెల్లులో చూసిన వార్తని మళ్లీ పేపర్లో వెతికి, పక్కవాడికి చదివి వినిపించి, కోత ఇప్పుడు పెట్టాలా నాలుగు రోజులు ఆగాలా అని అక్కడే తేల్చుకుంటారు. చదవడం రాని పెద్దాయన కూడా ఆ బల్ల దగ్గర కూర్చుని వార్తలన్నీ వినే వెళ్తాడు. సంతకాల పుస్తకంలో ఆయన వేలిముద్ర ఉండదు గానీ నా లెక్కలో ఆయనా పాఠకుడే. కోతలు మొదలైతే ఆ బల్ల ఖాళీ. వాళ్లు రావడం లేదంటే చేలో పని జోరుగా ఉందని అర్థం, అందుకని నాకు దిగులుండదు.

పేపరు బల్ల ఖాళీ అయినా లోపలి గది నిండే ఉంటుంది. అక్కడ పోటీ పరీక్షల పిల్లలు. కానిస్టేబుల్, డీఎస్సీ, గ్రూప్-2, బ్యాంకు ఉద్యోగాలు, ఒక్కొక్కరిదీ ఒక్కో పరీక్ష. వీళ్లలో చాలామంది సొంత పుస్తకాలే తెచ్చుకుంటారు. మా దగ్గరున్న తెలుగు అకాడమీ పుస్తకాలు చేతులు మారి మారి నలిగిపోయాయి. "లైబ్రరీ అంటే సాహిత్యం చదివే చోటు కదండీ, ఇది ట్యుటోరియల్ అయిపోయింది" అని కొందరు పెద్దలు నాతో అంటుంటారు. నేను ఒప్పుకోను. ఫ్యాను, దీపం, కుర్చీ, మాట్లాడని నాలుగు గోడలు ఇంట్లో ఉన్నవాళ్లకి అవెంత విలువైనవో తెలియదు. ఆడపిల్లల సంగతి మరీను. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే ఐదు నిమిషాల్లో ఏదో పని తగులుతుంది. "లైబ్రరీకెళ్తున్నాను" అంటే మాత్రం అమ్మానాన్నా అడ్డు చెప్పరు. ఆ ఒక్క మాటకి ఊళ్లో ఉన్న మర్యాద నిలబెట్టడం నా ఉద్యోగంలో పెద్ద భాగం అనుకుంటాను. అందుకే ఆ గదిలో ఫోను మాట్లాడితే ఎంతటివాళ్లనైనా బయటికి పంపిస్తాను.

మధ్యలో మూసి, సాయంత్రం నాలుగుకి మళ్లీ తీస్తాను. అప్పుడొచ్చేది నవలలు తీసుకెళ్లేవాళ్లు. కార్డు ఇస్తారు, పుస్తకం తీసుకుంటారు, రెండు వారాలు గడువు. యద్దనపూడి సులోచనారాణి నవలలు తల్లులు చదివినవే కూతుళ్లూ చదువుతున్నారు. వంశీ 'మా పసలపూడి కథలు' అల్మరాలో ఎప్పుడూ ఉండదు. ఒకరు తిరిగిచ్చేటప్పటికే ఇంకొకరు కాచుకుని ఉంటారు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' అడిగేవాళ్లకి మా వైపు కరువే లేదు. పార్వతీశానిది మాకు దగ్గర్లోని మొగల్తూరే కదా! "మన మొగల్తూరు కుర్రాడేనండీ" అని చెప్పి చేతిలో పెడితే, చదవడం అలవాటు లేనివాళ్లు కూడా పూర్తిచేసి తెస్తారు.

పుస్తకం వెన్ను మీద అంకెలుంటాయి, అవేమిటని పిల్లలు అడుగుతారు. అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన 1876లో అచ్చు వేసిన పద్ధతి అది. లోకంలో ఉన్న జ్ఞానాన్నంతటినీ పది పెద్ద తరగతులుగా విడదీసి, వాటిని మళ్లీ పదేసిగా విడదీసుకుంటూ పోయాడు. అందులో తెలుగు సాహిత్యానికి 894.827. ఆ అంకె పుస్తకానికి ఇంటి నెంబరు లాంటిది. చదివిన పుస్తకాన్ని తోచినచోట పెట్టేస్తే, ఇంకొకరు అడిగినప్పుడు అది ఉండీ లేనట్టే. అందుకే చదివినవి బల్ల మీద వదిలెయ్యమంటాను, సర్దడం నా పని.

డెల్టాలో పుస్తకానికి పెద్ద శత్రువు చెమ్మ. నవంబరు వానలకి గోడలు చెమరుస్తాయి. అట్టల కింద రామబాణం పురుగు చేరి జిగురుని తినేస్తుంది. బీరువా గోడకి ఆనుకుని ఉంటే చెదలు ఎక్కుతుంది. వాన వెలిసిన మర్నాడు బీరువాలు తెరిచి, ఒక్కో అరలోని పుస్తకాలు దించి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెడతాను. ఎండలో పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పెట్టకూడదు, పాత కాగితం ఎండకి పెళుసెక్కి మడత దగ్గర విరుగుతుంది. వేపాకు, కలరా ఉండలు, గోడకీ బీరువాకీ మధ్య జానెడు ఖాళీ, ఇవే మా ఆయుధాలు. పాత చందమామల బైండు వాల్యూములంటే నాకు మరీ భయం. అవి పోతే మళ్లీ కొనడానికి దొరకవు.

ఇక వారోత్సవాలు. పద్నాలుగున బాలల దినోత్సవం కాబట్టే ఆ రోజు మొదలుపెడతారని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనక ఉన్న మనిషి మన గోదావరి వాడే. కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకట రమణయ్య గారు. అంతకు ఐదేళ్ల ముందే, 1914 ఏప్రిల్‌లో, ఆయన పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు సభ చేసి సంఘం పెట్టుకున్నారు. ఆ తొలి సభకి అధ్యక్షుడు మా పశ్చిమాన ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేని ఆయన, నలుగురూ చదువుకునే చోట్ల కోసం పెట్టిన సభకి పెద్దగా కూర్చున్నారు. ఆ సంగతి పిల్లలకి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుంటుంది.

ఆ వారంలో వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, బొమ్మలు, ఆడవాళ్లకి ముగ్గులు, ఒక సాయంత్రం కవి సమ్మేళనం, చివరి రోజు బహుమతులు. అన్నిటికన్నా పుస్తక ప్రదర్శన మీద నేను ఎక్కువ శ్రద్ధ పెడతాను. బీరువాలో వెన్ను తప్ప కనపడని పుస్తకాన్ని బల్ల మీద అట్ట కనిపించేలా పరిస్తే పిల్లలు తాకుతారు, తిరగేస్తారు. ఆ వారం తర్వాత కార్డు కావాలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ బల్ల దగ్గర నిలబడ్డవాళ్లే.

ఒక సాయంత్రం మన ప్రాంతపు గ్రంథాలయాల కథ చెబుతాను. భీమవరం దగ్గర కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు గారు 1897లో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పెట్టారు. పట్నం కాదు, పల్లెటూరు. మరుసటి ఏడు రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు, ఇంకా కుర్రవాడే, తన గురువు వడ్డాది సుబ్బారాయుడు గారి పేర వసురాయ గ్రంథాలయం మొదలుపెట్టారు. అదే తర్వాత మరో గ్రంథాలయంతో కలిసి గౌతమీ గ్రంథాలయమైంది. తాళపత్రాలతో సహా ఎన్నో అరుదైన ప్రతులకి నీడనిచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టాలో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలవ వెంట ఊరూరా తిప్పారు. కాలవ గట్టున పెరిగిన పిల్లలు ఈ పడవ సంగతి దగ్గర చప్పున ఆగుతారు. "మన కాలవలో కూడా తిప్పొచ్చు కదండీ మేడమ్ గారూ?" అని అడుగుతారు.

ఆ గ్రంథాలయాలు పెట్టినవాళ్లు చందాలు వేసుకుని నడిపారు. ఇప్పుడు మనం కూడా చందా వేస్తున్నాం గానీ తెలియకుండా వేస్తున్నాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. వెయ్యి రూపాయల పన్ను కట్టేవాళ్లు లైబ్రరీకి ఎనభై రూపాయలు ఇస్తున్నట్టు. పంచాయతీలు, మునిసిపాలిటీలు అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. జమ ఆలస్యమైతే ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలే. ఇంటి పన్ను రసీదు ఈసారి తీసి చూడండి. ఆ డబ్బు మీది, దాంతో కొనాల్సిన పుస్తకం ఏమిటో చెప్పే హక్కూ మీదే. దాన్ని వాడుకునేవాళ్లు మరీ తక్కువగా ఉండటం నాకు బాధగా ఉంటుంది.

నెలాఖరున లెక్కలు. ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు బయటికెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, కొత్త సభ్యులెవరు, అన్నీ రాసి ఏలూరు పంపాలి. గడువు దాటినవాళ్లకి కబురు పెట్టాలి. ఆ లెక్కల్లో పట్టనిది ఒకటుంది. కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టాను, అడిగితే మా దగ్గర లేని పుస్తకాల పేర్లు అందులో రాయమంటాను. ఈ నవంబరులో అందులో పడ్డవి చూస్తే, రొయ్యల చెరువుల్లో నీటి పరీక్షలు, జబ్బుల గురించి తెలుగులో సులువుగా చెప్పే పుస్తకం ముగ్గురు అడిగారు. నర్సింగు చదివే అమ్మాయి శరీర నిర్మాణ శాస్త్రం అడిగింది. ఐదో తరగతి పిల్లాడు నక్షత్రాల పుస్తకం కావాలని, అదీ "బొమ్మలున్నది" అని గీత గీసి మరీ రాశాడు. కొనుగోలు జాబితా పంపేటప్పుడు ఈ మూడూ పైన పెట్టాను. రొయ్యల పుస్తకం రెండు ప్రతులు కావాలని రాశాను. ఒకటి ఇంటికిచ్చినా, రెండోది ఎప్పుడూ ఇక్కడే ఉండాలి.