రేవు ఆగినా పొయ్యి ఆగదు

వరద రోజుల్లో కొట్టు మొహం చూడకుండా లంక ఇళ్ళు గడిచే తీరు

(మా గ్రామీణ విలేకరి)

పి.గన్నవరం: గోదావరికి ఎర్రనీరు తగిలిందన్న కబురు రాగానే లంక గ్రామాల్లో మగవాళ్ళు పశువులను ఏటిగట్టుకు తోలే పనిలో పడతారు. అదే వేళకు ఆడవాళ్ళు అటక మీది జాడీలు, డబ్బాలు దింపి మూతలు తీసి చూసుకుంటారు. బియ్యం ఎన్నాళ్ళకు సరి, పప్పు ఎన్ని పూటలకు వస్తుంది, చింతపండు ఉందా లేదా అన్న లెక్క ఆ పూటే తేలిపోవాలి. మర్నాడు రేవు ఆగిపోతే మళ్ళీ కొట్టుకు దారి ఎప్పుడు తెరుచుకునేదీ గోదారమ్మే చెప్పాలి.

కోనసీమలో ఇది యేటా జరిగే తంతే. వశిష్ట పాయ పక్కనున్న ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వాసులకు వేసవిలో వేసుకున్న తాత్కాలిక దారి వరదకు తెగిపోవడం, ఆపైన పడవే దిక్కు కావడం ఏళ్ళ తరబడి అలవాటైన సంగతి. చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మునిగితే కనకాయలంక వారి పరిస్థితీ అంతే. లంకలో చిన్న కొట్టు ఉన్నా దాని సరుకూ గట్టు అవతలి నుంచి రావలసిందే. నాలుగు రోజులు పడవ తిరగకపోతే ఆ కొట్టులో మిగిలేవి సబ్బులు, అగ్గిపెట్టెలే.

ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు వచ్చింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు తాకింది, ఇక్కడ 25 లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఇంటిల్లిపాదికీ సామాను సమకూర్చుకోడానికి ఆ ఒక్క రోజు చాలదు. అందరూ ఒకేసారి కొట్టు మీద పడతారు, ధర కొట్టువాడు చెప్పిందే అవుతుంది. అందుకే వరద సామాను వరదనాడు కొనేది కాదు, ఎండలనాడు దాచేది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు.

ఎండలనాటి పని

సంక్రాంతి దాటిన దగ్గర నుంచి రోహిణి కార్తె వరకూ లంక ఇళ్ళలో ఆడవాళ్ళకు తీరిక ఉండదు. కొత్త కందిపప్పు తెచ్చి ఎండబెట్టి, చేతికి ఆముదం రాసుకుని పప్పుకు పట్టించి డబ్బాలకెత్తుతారు. కొత్త చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, జాడీలో అదిమి పెడతారు. మినుములు, పెసలు పంటికింద పెడితే టక్కున పగిలేదాకా ఎండాలి. మెత్తగా ఉన్న గింజను దాస్తే నెల తిరక్కుండా పురుగు పడుతుంది. గింజలను పప్పు కింద విసిరి దాస్తే పురుగు బెడద తక్కువని అనుభవజ్ఞులు చెబుతారు.

వైశాఖంలో ఆవకాయ, మాగాయ. దాంతోపాటే బూడిదగుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, మజ్జిగలో నానేసి ఎండబెట్టిన చల్లమిరపకాయలు. మార్కెట్లో వంకాయ, కాకరకాయ, గోరుచిక్కుడు గిట్టుబాటు కాక పారబోసే రోజుల్లో వాటిని చక్రాలుగా కోసి ఒరుగులు చేస్తారు. గాలికి రాలిన మామిడికాయలూ వృథా పోవు, ఒరుగులై పప్పులోకి వస్తాయి. ఒక ఇంట వడియాలు పెడితే పక్కిళ్ళ నుంచి నలుగురు సాయం రావడం ఇక్కడి ఆనవాయితీ. ఆ సాయం మళ్ళీ వారింటికి తిరిగి వెళుతుంది.

కోనసీమకు ప్రత్యేకమైన దన్ను కొబ్బరి. కురిడీల కోసం అటకల మీద నెలల తరబడి నిలవుంచే కాయల్లో నుంచి కూర నిమిత్తం నాలుగు కాయలు దించుకుంటే అడిగేవారు లేరు. దూలానికి వేలాడదీసిన గుమ్మడికాయ నెలలు ఉంటుంది. గాలి తగిలేచోట ఉంచిన కంద వారాలు ఉంటుంది. మాంసాహారుల ఇళ్ళలో ఎండుచేపలు, ఎండురొయ్యలు డబ్బాలో సిద్ధంగా ఉంటాయి.

ఏది ముందు, ఏది వెనక

సరుకు ఉన్నంత మాత్రాన నెల గడవదు. వాడే వరస తెలియాలి. వరద మొదటిరోజే ఆవకాయ జాడీ తీసి కూర్చున్న ఇంట్లో పక్కన వంకాయలు కుళ్ళిపోతాయి. పదోరోజుకు పిల్లలు పచ్చడి మెతుకులకు మొహం తిప్పేస్తారు. తినగా తినగా గారెలే చేదైతే ఇక పచ్చడి సంగతి చెప్పాలా?

చేయి తిరిగిన ఇల్లాలు పాటించే వరస ఇది. మొదటి మూడు రోజులూ త్వరగా పాడయ్యేవి: ఆకుకూరలు, టమాటా, వంకాయ, బెండకాయ. నాలుగో రోజు నుంచి పది వరకూ ఓర్చుకునేవి: అరటికాయ, దోసకాయ, కంద, గుమ్మడి, కొబ్బరి. ఆపైన ఎన్నాళ్ళున్నా ఉండేవి: పప్పులు, ఒరుగులు, పొడులు, వడియాలు, పచ్చళ్ళు. ఉప్పుడు బద్దలు, మాగాయ వంటివి ఏ రోజైనా పక్క వాయిద్యంగానే గాని ప్రధాన వాయిద్యంగా వడ్డించరు.

పొద్దున్న మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ. మినప్పప్పు ఉంటే వారంలో రెండుసార్లు దిబ్బరొట్టె. మధ్యాహ్నం పప్పు గాని పప్పుచారు గాని తప్పనిసరి. రాత్రికి పచ్చిపులుసు, గుమ్మడికాయ దప్పళం, కొబ్బరి పచ్చడి, ఉలవచారు వంటివి మార్చి మార్చి వస్తాయి. పెసరపప్పులో మామిడి ఒరుగులు వేస్తే చింతపండు మిగులుతుంది. పాడి ఉన్న ఇంట్లో పాలకేంద్రానికి పోసే వీలు లేక మిగిలిన పాలు పెరుగవుతాయి, ఆ పెరుగు మజ్జిగపులుసవుతుంది. పెరట్లో మునగచెట్టు నిలిచి ఉంటే ఆషాఢంలో ఆకుకూరకు లోటు లేదు.

పదిహేను రోజుల లెక్క

అయిదుగురున్న ఇంట్లో మూడు పూటలా అన్నమే అయితే రోజుకు రెండు కిలోల బియ్యం పడతాయి. అంటే పదిహేను రోజులకు 30 కిలోలు. పప్పు రోజుకు పావుకిలో చొప్పున నాలుగు కిలోల దగ్గర. చింతపండు కిలో. నూనె ఆచితూచి వాడితే లీటరున్నర. ఉప్పు అరకిలో చాలు. మిరపకాయలు, పసుపు, ఆవాలు, మెంతులు ఏడాది సరుకులో నుంచి తీసుకునేవే.

చాలామంది మరిచేవి రెండున్నాయి. ఒకటి వంటచెరకు. గ్యాసు బండి లంకకు రాలేదు, సిలిండరు నిండుకుంటే బియ్యం ఉన్నా పస్తే. అందుకే కొబ్బరి డొక్కలు, పిడకలు, ఎండుకట్టె కొంత తడవనిచోట ఉంచుకోవడం మంచిది. రెండోది మంచినీళ్ళు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు లీటర్లయినా కావాలి. బోర్లు, బావులు మునిగితే ఆ నీరు కాచి చల్లార్చనిదే పిల్లలకు పట్టరాదు.

కూలి ఇంటి సంగతి

ఇంతవరకూ చెప్పింది భూమి, పాడి, అటక ఉన్న ఇంటి ముచ్చట. లంకల్లో అందరికీ ఈ భాగ్యం లేదు. కొబ్బరి దింపులకు, అరటి తోటల్లో పనికి వెళ్ళే కుటుంబాలకు వరద వస్తే రేవుతోపాటు కూలి కూడా ఆగుతుంది. కొనడానికి దారి లేకపోవడం ఒక ఎత్తు, దారి తెరుచుకున్నాక డబ్బు లేకపోవడం మరో ఎత్తు. అప్పుడు కొట్టులో ఖాతా మొదలవుతుంది. నీరు తీసి పనులు దొరికాక వచ్చిన మొదటి కూలి ఆ ఖాతాకే పోతుంది. అప్పు చేసి పప్పుకూడు తినడం సోమరుల లక్షణమని సామెత. ఇక్కడ మాత్రం కష్టపడేవాడే అప్పు చేసి తినవలసి వస్తోంది.

జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తుంది. 2023 జనవరి నుంచి అది ఉచితం. అయిదుగురికి 25 కిలోలు. రోజుకు రెండు కిలోల చొప్పున వండితే పన్నెండు రోజులకు సరి. నెలాఖరులో వరద వస్తే ఆ డబ్బా అప్పటికే ఖాళీ. పప్పు, చింతపండు, మిరపకాయ, నూనెలకు కొట్టే గతి. 2022 జూలై వరదల్లో బాధిత కుటుంబాలకు ప్రభుత్వం 25 కిలోల బియ్యంతోపాటు కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కిలో చొప్పున, లీటరు పామాయిల్ ప్రకటించింది. ఆదుకునే సాయమే, కాదనలేం. అయినా పై లెక్క ప్రకారం కిలో పప్పు నాలుగు రోజుల మాట. ఆ సాయం గుమ్మంలోకి వచ్చేదాకా కూడా ఇల్లు గడవాలి.

అందువల్ల కూలి ఇళ్ళలోనూ పని ఉన్న నెలల్లో కొద్దికొద్దిగా వెనకేసుకోవడమే మార్గం. పూర్వం అన్నం వండే ప్రతిసారీ కొలిచిన బియ్యంలో నుంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. పిడికిలికి 50 గ్రాములు అనుకున్నా, రెండు పూటలకు వంద గ్రాములు. ఉగాది నుంచి ఆషాఢం దాకా వంద రోజుల్లో 10 కిలోలు, అంటే అయిదు రోజుల తిండి. వారానికి పావుకిలో పప్పు అదనంగా తెచ్చి దాస్తే పన్నెండు వారాలకు మూడు కిలోలు. రాలిన మామిడికాయలకు, కుప్పలో మిగిలిన వంకాయలకు ఖరీదు లేదు, ఎండకు అసలే లేదు. చింతపండు కొత్తది వచ్చినప్పుడు ఒక్క కిలో తీసిపెట్టినా వానాకాలం పులుసుకు భయముండదు.

పూరింటికి గట్టి అటక ఉండదు, కాలనీ ఇంటికి అసలు అటకే ఉండదు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో సరుకంతా ఉంచుకుంటే నీరు వచ్చినప్పుడు పైకెత్తడం, పడవలో వేసుకుని గట్టు చేరడం తేలిక. డ్వాక్రా సంఘాల మహిళలు పదిమంది కలిసి మెరకనున్న పక్కా భవనంలో ఇలాంటి డ్రమ్ములు భద్రపరచుకోవచ్చు. పొదుపు పుస్తకంలో డబ్బు రాసుకున్నట్టే గింజ కూడా రాసుకోవచ్చు.

మరువరాని జాగ్రత్తలు

నిలవ సరుకుకు పెద్ద శత్రువు తేమ. పచ్చడి మీద నూనె ఎప్పుడూ తేలుతూ ఉండాలి. తడి గరిటె ముంచితే ఏడాది కష్టం వారంలో బూజు పడుతుంది. బూజు పట్టిన వేరుశనగ, వరదలో నాని ముక్కిన గింజ కడిగి ఎండబెట్టినా తినతగదు. బూజు విషం కడిగితే పోయేది కాదు. బియ్యానికి పురుగు పట్టకుండా వేపాకు వేయడం పాత పద్ధతి, దానితో ఇబ్బంది లేదు. కొందరు బోరిక్ పొడి కలుపుతున్నారు. అది తినే పదార్థం కాదని గుర్తుంచుకోవాలి.

ఉప్పు సంగతీ చూసుకోవాలి. పెద్దవారు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పచ్చడి, చల్లమిరపకాయ, ఎండుచేప మూడూ ఒకే కంచంలో పడితే ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. రక్తపోటు ఉన్న ముసలివారికి పచ్చడి తగ్గించి పప్పు, కొబ్బరి, మజ్జిగ ఎక్కువ పెట్టడం క్షేమం. పిల్లలకు, బాలింతలకు ఉత్త పచ్చడి మెతుకులు చాలవు. ఉన్న పప్పు, పాలు, గుడ్లు ముందు వారి కంచంలో పడాలి. చాలా ఇళ్ళలో అందరికీ వడ్డించి గిన్నె అడుగున మిగిలింది తినేది ఇల్లాలే. నిలవ సరుకు చేసిన చేతులకే చివరి ముద్ద దక్కడం న్యాయం కాదు.

లెక్కకు రాని కష్టం

వరద తీశాక అధికారులు వచ్చి మునిగిన అరటి, కూలిన గోడ, చచ్చిన పశువు లెక్క రాసుకుంటారు. అటక దాకా నీరెక్కి పాడైన చింతపండు జాడీ, పప్పు డబ్బా, వడియాల బుట్ట వెనక ఒక ఆడమనిషి మూడు నెలల ఎండ ఉంది. దానికి వెల కట్టేవారు లేరు. ఆ జాడీ ఉన్న ఇంట వరద అంటే పదిహేను రోజుల ఇబ్బంది. లేని ఇంట అదే వరద దసరా దాకా తీరని బాకీ.

చేతిలో పని, నెత్తిన ఎండ ఉన్న నెలల్లోనే ఆ జాడీ నిండాలి. వచ్చే ఎండలకు ప్రతి సంఘమూ తన వీధిలో ఏ ఇంట జాడీ ఖాళీగా ఉందో చూసుకుంటే, ఎర్రనీరు వచ్చేనాటికి ఖాతా పుస్తకం తెరవవలసిన ఇళ్ళు కొన్నయినా తగ్గుతాయి.