ఎలుకల నివారణ - ఇరుగుపొరుగుల ఒప్పందము

నూర్పిడి ముగిసి ధాన్యము ఇంటికి చేరగానే ఎలుకలు కూడ ఇంటిదారి పట్టును. పొలములో వానికి మేత తగ్గును. గాదెలో మేత సిద్ధముగా నుండును. ఎలుకల మందు ఎక్కువగా వాడునది ఈ దినములలోనే. ఇరుగుపొరుగుల మధ్య తగవులు వచ్చునదియు ఈ దినములలోనే.

"బాబాయ్, మీ దొడ్లో పెట్టిన మందు ఉన్న ఎలకని తిని మా పిల్లి చచ్చిపోయింది" అని ఒకరనును. "నా గింజలు నేను కాపాడుకోవద్దా? ఎలకని చంపకూడదని ఏ చట్టంలో ఉందిరా?" అని రెండవవారనును. ఇద్దరి మాటలోను కొంత న్యాయమున్నది. కాని ఇద్దరును ఒక సంగతి మరచుచున్నారు. ఎలుకకు గాని, మందుకు గాని ప్రహరీగోడ అడ్డము కాదు. కావున ఈ పని పొరుగువారితో చెప్పి, కలసి చేయవలసిన పని.

చట్టమేమి చెప్పుచున్నది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో ఎలుకలు, చిట్టెలుకలు, కాకులు, పండ్లు తిను గబ్బిలములు అయిదవ షెడ్యూలులో, అనగా హానికర జంతువుల పట్టికలో ఉండెడివి. 2022లో చేసిన సవరణలో ఆ షెడ్యూలును తీసివేసినారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అయినను ఇండ్లలో, పొలములలో నష్టము చేయు మామూలు ఎలుకలను చంపుటకు ఆటంకము లేదు. వ్యవసాయశాఖయే రైతులచేత సామూహికముగా ఎలుకల నిర్మూలన చేయించుచున్నది.

అయితే, ఎలుకకు రక్షణ లేదనగా ఎలుకను ఏ విధముగానైనను చంపవచ్చునని అర్థము కాదు. ఎలుకలను తిని మనకు మేలుచేయు గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస అదే చట్టము క్రింద రక్షణ పొందిన ప్రాణులు. పొరుగువారి పశువునకు హాని కలుగునని తెలిసియు విషము పెట్టినచో భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద అయిదేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చును. ఎలుకల కొరకని గట్టుమీద కరెంటు తీగ లాగుట మనుష్యుల ప్రాణములకే ముప్పు. ఆ పని ఎన్నడును చేయరాదు.

ఒక్కరు చంపిన ఎందుకు తగ్గవు?

ఆడ ఎలుక సుమారు మూడు వారములు చూలు మోసి, ఒక్కొక్క ఈతకు సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది పిల్లలను పెట్టును. ఆ పిల్లలు కొద్ది నెలలలోనే తిరిగి ఈతకు వచ్చును. మేత, చాటు ఉన్నచోట ఒక కలుగు ఖాళీ అయినచో ప్రక్క దొడ్డిలోని ఎలుక వచ్చి దానిలో చేరును. మీ ఇంట పది ఎలుకలను చంపినను, ప్రక్కయింట గడ్డివాము క్రింద ఇరువది మిగిలియున్నచో నెల తిరుగకుండ మీ ఇల్లు మరల మొదటి స్థితికే వచ్చును. అందుచేత వీధి అంతయు ఒకే దినమున పని ప్రారంభించుట మర్యాద మాత్రమే కాదు, ఫలితమునిచ్చు పద్ధతియు అదే. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా స్థానములో ఎలుకల నివారణపై పరిశోధనలు సాగుచున్నవి. అక్కడి వరి పొలములకును మన వీధులకును ఈ సూత్రము ఒక్కటే.

మందుల స్వభావము

జింకు ఫాస్ఫైడు నల్లని పొడి. ఇది కడుపులో చేరి విషవాయువును పుట్టించును. దీనికి విరుగుడు లేదు. కొద్దిగా తిని బ్రతికిన ఎలుక ఆ ఎరను మరల ముట్టదు. కోళ్లు, పిల్లలు తిరుగు ఇండ్ల దగ్గర దీనిని వాడరాదు.

బ్రోమాడియోలోను రక్తము గడ్డకట్టకుండ చేయును. ఎర తిన్న ఎలుక మూడు నాలుగు దినముల తరువాత చచ్చును. దీనికి విటమిను కె1 విరుగుడు కలదు. ఇండ్ల దగ్గర మందు తప్పనిసరియైనపుడు ఇదియే మేలు. అయినను ఒక ప్రమాదమున్నది. మందు తిన్న ఎలుక చచ్చులోపల మందకొడియై బయట తిరుగును. పిల్లికి, గుడ్లగూబకు సులభముగా చిక్కును. పైని చెప్పిన పిల్లి చచ్చుటకు కారణమిదే. మందు పెట్టినవారికి పిల్లిపై పగ లేదు. చచ్చిన ఎలుకలను ఏరకపోవుటయే వారి లోపము.

పాటింపవలసిన క్రమము

1. మొదట దారులు మూయవలెను. అరంగుళము సందు ఎలుకకు చాలును. చిట్టెలుకకు పావు అంగుళము చాలును. గోడ కంతలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చవలెను. తలుపు అడుగున రేకు కొట్టవలెను. ధాన్యపు బస్తాలను నేలమీద గాక, గోడకు ఎడముగా బల్లలమీద పెట్టవలెను.

2. తరువాత బోనులు పెట్టవలెను. ఇంటిలోపల బోనులే శ్రేష్ఠము. ఎండుచేప ముక్కగాని, కాల్చిన కొబ్బరిముక్కగాని పెట్టి, మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండ కట్టి ఎలుకలను అలవాటు చేయవలెను. పొలములలో వెదురు బుట్టలతో ఎలుకలను పట్టువారు దొరికినచోట వారిచేత దొడ్లలో కూడ పట్టించవచ్చును.

3. అప్పటికిని తగ్గనిచో వీధిలోని వారందరు మాట్లాడుకొని ఒక దినము నిర్ణయించుకొనవలెను. ముందునాటి సాయంత్రము దొడ్లలోని కలుగులన్నిటిని మట్టితో మూయవలెను. మరునాడు తెరచుకొన్నవే ఎలుకలున్న కలుగులు.

4. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల 0.25 శాతపు బ్రోమాడియోలోను పొడి కలుపవలెను. చేతులకు తొడుగులు వేసికొని, వంటకు వాడని పాత్రలో కర్రతో కలుపవలెను. 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి, కలుగుకు ఒకటి చొప్పున లోపలికి త్రోసి, నోరు మూయవలెను. మందును నేలమీద చల్లరాదు. పిండివంటలలో, పండ్లలో పెట్టరాదు, పిల్లలు తినుబండారమనుకొందురు.

5. నాలుగవ దినము మొదలు రెండు వారములపాటు ఉదయముననే చచ్చిన ఎలుకలను పారతో ఏరి, బావికి, చెరువుకు దూరముగా మోకాలిలోతు గోతిలో పూడ్చవలెను. ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంటివారు ఈ పని చూచుకొనిన భారము తోచదు. ఆ దినములలో పిల్లులను, కుక్కలను కట్టి ఉంచి కడుపునిండ తిండి పెట్టవలెను. మిగిలిన మందును తాళము వేసి ఉంచవలెను. ఎవరైనను పొరపాటున తినినచో డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

చంపుటకు ఇష్టపడని పొరుగువారు

ప్రతి వీధిలోను ఒకరిద్దరుందురు. ఎలుక వినాయకుని వాహనమని కొందరు, ప్రాణహింస మాకు పడదని కొందరు అందురు. వారిని ఎగతాళి చేసినచో వారు సహకరింపరు. వారి దొడ్డియే ఎలుకలకు ఆశ్రయమగును. వారిని చంపమని అడుగవలసిన పని లేదు. కంతలు మూయుట, చెత్తకుప్ప తీయుట, గడ్డివామును రాళ్ళమీద ఎత్తున వేయుట, గింజలు చిందకుండ చూచుట - వీనిలో హింస లేదు. మేత, చాటు లేనిచోట ఎలుక నిలువదు. ఈ సగము పని వారు చేసినచో మీ మందు ఖర్చు కూడ తగ్గును.

వారికిని ఒక మనవి. బోనులో పడిన ఎలుకను దయతలచి పై వీధిలో వదలుట దయ కాదు. అది మన బెడదను మరియొకరి గాదెకు పంపుట. ఇక చంపువారికి మనవి ఇది. బోనులో పడినదానిని ఎండలో మాడ్చుట, కిరసనాయిలు పోసి కాల్చుట, పిల్లల చేతికి ఆటకిచ్చుట తగదు. ఒక్క దెబ్బతో ముగించవలెను. దానిని ముట్టుకొనరాదు, ఎలుక మూత్రము వలన ఎలుకజ్వరము సోకవచ్చును. నష్టము చేయు ప్రాణిని చంపు హక్కు మనకున్నది. దానిని హింసించు హక్కు లేదు. పొరుగువారికి బాధ కలిగించునది తరచు చావు కాదు, చంపిన తీరు.

పిల్లి చచ్చిన తరువాత జరుగు పంచాయతీలో ఎవరు గెలిచినను ఎలుకలు మాత్రము మిగిలియుండును. మందు పెట్టుటకు ముందే ఒక సాయంత్రము ప్రక్కయింటి అరుగుమీద కూర్చుండి, "రేపు మందు పెడుతున్నాం, పిల్లిని కట్టేసుకోండి" అని చెప్పినచో చాలును. దానికి ఖర్చు లేదు. ఈ సంవత్సరము మీ వీధిలో ఎలుకల నివారణ ఆ మాటతోనే ప్రారంభించుడు.