విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటర్ క్లస్టర్‌పై పంట అనుకరణ నమూనాలు: తొలి మెట్లు

వరి అనుకరణ నమూనాను ఒక క్షేత్రానికి, ఒక సీజనుకు నడపడానికి సాధారణ ల్యాప్‌టాప్ సరిపోతుంది. అదే నమూనాను 1,000 ప్రదేశాలకు, 30 సంవత్సరాల వాతావరణ సమాచారంతో, 5 నాటు తేదీలకు, 4 నత్రజని మోతాదులకు నడపవలసి వస్తే మొత్తం 6 లక్షల అనుకరణలవుతాయి. ఒక్కొక్కదానికి 2 సెకన్ల చొప్పున లెక్కించినా ఒకే కోర్‌పై దాదాపు 14 రోజులు పడుతుంది. 100 కోర్లకు పంచితే ఈ పని సుమారు 3 గంటల 20 నిమిషాల్లో ముగుస్తుంది. ఏ అనుకరణా మరొకదానిపై ఆధారపడకపోవడమే ఈ సౌలభ్యానికి మూలం. అందువల్ల క్లస్టర్లు భౌతిక, రసాయన శాస్త్రజ్ఞులకే అవసరమన్న అభిప్రాయం సరికాదు. వ్యవసాయ పరిశోధన కోసమే న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో 2014లో ‘అశోక’ ప్రారంభమైంది. 2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద హైదరాబాద్ ఐఐటీలో ‘పరమ్ సేవ’ ఏర్పాటైంది.

క్లస్టర్ అంటే వేగవంతమైన నెట్‌వర్క్‌తో అనుసంధానించిన అనేక కంప్యూటర్ల సముదాయం. ఒక్కొక్క కంప్యూటరును నోడ్ అంటారు. ఖాతా మంజూరైన పరిశోధకుడు తన కంప్యూటరు నుండి ఎస్.ఎస్.హెచ్. ద్వారా ముందుగా లాగిన్ నోడ్‌కు చేరతాడు. పాస్‌వర్డ్ టైపు చేస్తున్నప్పుడు తెరపై ఏమీ కనిపించదు. అది లోపం కాదు. లాగిన్ నోడ్ అందరి ఉమ్మడి వాకిలి వంటిది. ఫైళ్లు సర్దుకోవడానికి, పనులు అప్పగించడానికి మాత్రమే దాన్ని వాడాలి. నమూనాను అక్కడే నడిపితే మిగిలిన వారందరి పని మందగిస్తుంది. నిర్వాహకులు దాన్ని ఆపివేయడం సహజం.

అసలు గణన కంప్యూట్ నోడ్‌లపై జరుగుతుంది. వాటిని కేటాయించేది స్లర్మ్ వంటి షెడ్యూలర్. ఎన్ని కోర్లు, ఎంత మెమరీ, ఎంత సమయం కావాలో ఒక చిన్న స్క్రిప్టులో రాసి ‘ఎస్‌బ్యాచ్’ ఆదేశంతో అప్పగించాలి. ‘ఎస్‌క్యూ’తో దాని స్థితి తెలుస్తుంది. అడిగిన సమయం చాలకపోతే పని మధ్యలోనే ఆగిపోతుంది. అవసరానికి మించి అడిగితే క్యూలో నిరీక్షణ పెరుగుతుంది. ఊహతో అంకె వేయడం కంటే ముందు ఒక్క ప్రదేశానికి నడిపి చూడటం మేలు. పై ఉదాహరణలో ఒక ప్రదేశానికి 600 అనుకరణలు, అంటే 20 నిమిషాలు. ఒక్కో కోర్‌కు 10 ప్రదేశాలు ఇస్తే 3 గంటల 20 నిమిషాలు. 5 గంటలు అడగడం సమంజసం.

విండోస్‌లో రాసిన స్క్రిప్టులోని పంక్తి ముగింపు గుర్తులు లినక్స్‌కు సరిపడవు. స్లర్మ్ అటువంటి స్క్రిప్టును తిరస్కరిస్తుంది; ‘డాస్‌టుయునిక్స్’ అనే ఉపకరణంతో సరిచేసుకోవచ్చు. ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాల తేడాను కూడా లినక్స్ పాటిస్తుంది.

ఇవన్నీ దోష సందేశంతో వెంటనే బయటపడే ఇబ్బందులు. సందేశమే రాని ఇబ్బంది మరొకటుంది. డీఎస్‌ఎస్‌ఏటీ వంటి నమూనాలు నిర్ణీత పేర్లు గల ఫైళ్లలో, నడుస్తున్న ఫోల్డరులోనే ఫలితాలు రాస్తాయి. 100 పనులు ఒకే ఫోల్డరులో నడిస్తే ఒకదాని ఫలితంపై మరొకటి పడుతుంది. వంద చేల ధాన్యాన్ని ఒకే కళ్లంలో కలిపి పోసి, ఏ చేను ఎంత పండిందని అడిగినట్లే. కనుక ప్రతి పనికీ ప్రత్యేక ఫోల్డరు తప్పనిసరి.

పని ముగిశాక ఫలితాల వరుసలను లెక్కించడం అంతకంటే ముఖ్యం. ప్రదేశానికి 600 ఉండవలసిన చోట 540 ఉంటే, ఆ లోటు సగటు తీసే ప్రోగ్రాముకు తెలియదు. లోపించినవి వర్షాభావ సంవత్సరాలవైతే సగటు దిగుబడి అసలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ అంకె ఆధారంగానే విస్తరణ శాస్త్రవేత్త నాటు తేదీని సిఫారసు చేస్తాడు, రైతు నారు పోస్తాడు. లోపించిన అనుకరణలను గుర్తించి వాటిని మాత్రమే మళ్లీ నడపాలి. లెక్క సరిపోయిన తరువాత ఫలితాలను స్క్రాచ్ విభాగం నుండి సొంత నిల్వకు తరలించాలి. సాధారణంగా స్క్రాచ్‌కు బ్యాకప్ ఉండదు. గడువు దాటిన ఫైళ్లను చాలా కేంద్రాలలో తొలగిస్తారు.