ఆదివారం వండితే... గురువారం దాకా!

సాయంత్రం ఏడు దాటిందంటే చాలు... మాదాపూర్, గచ్చిబౌలి సందుల్లో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల దగ్గర పెద్ద మంట, కడాయి మీద గరిటెల చప్పుడు! 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల లేచినవి అద్దాల మేడలొక్కటే కాదు, ఇలాంటి బండ్లు కూడా. షిఫ్టు ముగించుకుని అలసిపోయి వచ్చేవాళ్లకు చికెన్ ఫ్రైడ్‌రైస్ ఎంతో తేలిక. కానీ రోజూ బయటి తిండంటే అటు ఒంటికీ ఇటు జేబుకీ భారమే. ఆదివారం ఓ పూట కేటాయిస్తే నాలుగు డబ్బాలు ఇంట్లోనే సిద్ధం చేసుకోవచ్చు. చేయడం కష్టమేం కాదు, అసలు జాగ్రత్తంతా దాచడంలోనే ఉంది.

అన్నంతోనే చిక్కు

నిన్నటి అన్నమైతేనే ఫ్రైడ్‌రైస్ పొడిపొడిగా వస్తుందని చాలామంది రాత్రి అన్నాన్ని వంటగట్టు మీదే వదిలేస్తుంటారు. ముప్పు అక్కడే! బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. ఉడికించినా అవి చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ల ఫ్రైడ్‌రైస్ తిన్నవారు జబ్బుపడటంతో ఈ సంగతి బయటపడింది. దీనికి 'ఫ్రైడ్‌రైస్ సిండ్రోమ్' అన్న పేరూ వచ్చింది.

'మన పెద్దవాళ్లు చద్దన్నం తినలేదా?' అంటారా... చద్దన్నంలో మజ్జిగ పులుపు, పులిహోరలో చింతపండు పులుపు బ్యాక్టీరియాకు కొంత అడ్డుపడతాయి. ఫ్రైడ్‌రైస్‌కు ఆ రక్షణ లేదు. పైగా అందులో కోడిమాంసం, గుడ్లు ఉంటాయి.

ఇలా చేయండి

రెండు గ్లాసుల పాత సోనామసూరి బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో పలుకుగా ఉడికించి గంజి వార్చేయాలి. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాను కింద అరగంట ఉంచితే చాలు, తడి ఆరిపోతుంది. ఈలోగా 400 గ్రాముల ఎముకల్లేని చికెన్‌ను చిన్నముక్కలు కోసి, ఉప్పు, మిరియాలపొడి, కాస్త వెనిగర్ పట్టించి పూర్తిగా ఉడికేలా వేయించి పక్కన పెట్టాలి. అదే కడాయిలో రెండు గుడ్లు కొట్టి పొరటులా చేసి తీయాలి. వెల్లుల్లి, పచ్చిమిర్చి, క్యారెట్, బీన్స్, క్యాబేజీ పెద్దమంట మీద వేయించి అన్నం, చికెన్, గుడ్డు, సోయాసాస్ వేసి కలపాలి. చివర్లో ఉల్లికాడలు చల్లాలి. ఇంటి స్టవ్‌కి బండి మంట ఉండదు కాబట్టి రెండు విడతలుగా చేస్తేనే ముద్దకాదు. ఒక టేబుల్‌స్పూను సోయాసాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు పెట్టిన హద్దు రోజుకు 2000 మిల్లీగ్రాములు. కాబట్టి మొత్తానికి రెండు టేబుల్‌స్పూన్లు దాటనివ్వకండి, ఉప్పూ తగ్గించండి.

దాచే లెక్క

వేయించిన రైస్‌ని లోతు తక్కువ డబ్బాల్లో సర్ది, ఆవిరి పోయాక మూతపెట్టి, గంటలోపే లోపల పెట్టేయాలి. వేసవిలో అయితే అసలు ఆలస్యం వద్దు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ అన్నాన్ని ఫ్రిజ్‌లో ఒక్కరోజుకు మించి ఉంచొద్దంటుంది. కాబట్టి సోమవారం డబ్బా ఫ్రిజ్‌లో, మిగతా మూడూ ఫ్రీజర్‌లో పెట్టండి. ముందురోజు రాత్రి ఒక్కో డబ్బానూ ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి మార్చుకోండి. ఆఫీసుకు చేరగానే దాన్ని క్యాబిన్ సొరుగులో కాదు, అక్కడి ఫ్రిజ్‌లో పెట్టండి. తినేముందు చెంచాడు నీళ్లు చిలకరించి పొగలు కక్కేలా వేడిచేయాలి, అదీ ఒక్కసారే. మిగిలితే పారేయడమే మేలు.

ఈ కాస్త శ్రద్ధ పెడితే గురువారం రాత్రి పదింటికి ఇల్లు చేరినా ఏం తినాలన్న బెంగుండదు. ఫ్రిజ్‌లో ఆఖరి డబ్బా మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది మరి!